నడుం నొప్పికి శాతం కట్టేదెవరు?

కార్మిక నష్టపరిహారంలో వైద్య పరీక్ష

బొటనవేలు తెగితే 30 శాతం. చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40 శాతం. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూలు శరీరాన్ని ఇట్లా ముక్కలు ముక్కలుగా విడదీసి, ఏ ముక్క పోతే సంపాదించే శక్తి ఎంత పోయినట్టో రాసిపెట్టింది. ఆ పట్టిక మొత్తం వెతికినా నడుం కనపడదు. బస్తా మోసేవాడికీ, బండలు ఎత్తేవాడికీ, మురుగు తోడేవాడికీ, ఇటుకల తట్ట నెత్తిన పెట్టుకునే ఆమెకూ బతుకంతా ఆనుకుని వున్నది నడుం మీదనే. పట్టికలో దానికి చోటు దొరకలేదు.

పట్టికలో లేని గాయానికి శాతం కట్టే పని చట్టం డాక్టరుకు అప్పజెప్పింది. డాక్టరు తెగిన వేలిని చూడగలడు. నొప్పిని చూడలేడు. ఎక్స్‌రేలో నొప్పి పడదు. చట్టం అడిగేదానికీ వైద్యం చెప్పగలిగేదానికీ నడుమ ఈ ఖాళీ వుంది. చాలా క్లెయిములు కూలిపోయేది ఇక్కడే. “ఏమీ లేదు, పని ఎగ్గొట్టడానికి నాటకం” అనే మాట పుట్టేదీ ఇక్కడే. ఆ మాట ముందుగా ఎవరి మీద పడుతుందో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

నడుం నొప్పి క్లెయిములో డాక్టరు ఏం చూస్తాడు, ఏం చూడలేడు, చట్టం అతన్ని ఏం అడుగుతుంది, ఏం అడగదు అనేది విడమరిచి చెప్పడమే ఈ వ్యాసంలో మేం పెట్టుకున్న పని. కార్మికుల పక్కన నిలబడే కార్యకర్తలకు, కార్మిక చట్టాలు చదివే విద్యార్థులకు, చెప్పే ఉపాధ్యాయులకు ఇది పనికొస్తుందని మా ఆశ.

చట్టం అడిగే మూడు ప్రశ్నలు

చట్టం పేరు రెండుసార్లు మారింది. 1923లో అది వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్. 2009 సవరణ 2010 జనవరి 18న అమల్లోకి వచ్చాక ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ అయింది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి రావడంతో అందులో ఒక అధ్యాయంగా కలిసిపోయింది. పాత చట్టంలో కమిషనరు చేసిన పనిని ఇప్పుడు ‘కాంపిటెంట్ అథారిటీ’ చేస్తారు. ఏ చట్టం వర్తిస్తుందో ప్రమాదం జరిగిన తేదీని బట్టి చూసుకోవాలి. అసలు ప్రశ్నలు మాత్రం వందేళ్లుగా అవే.

మొదటిది: ప్రమాదం వల్ల శరీరానికి గాయమైందా? రెండోది: ఆ ప్రమాదం పని చేస్తుండగా, పని మూలంగానే జరిగిందా? మూడోది: దానివల్ల సంపాదించే శక్తి ఎంత పోయింది, శాశ్వతంగా పోయిందా, కొంతకాలమేనా?

తెగిన చెయ్యి మొదటి ప్రశ్నకు తానే జవాబు చెప్తుంది. నడుం నొప్పి దగ్గర మూడు ప్రశ్నలూ తగాదాలే. పైగా ఆ మూడింటికీ జవాబు ఒకే కాగితంలో, డాక్టరు రాసిన సర్టిఫికెట్‌లో వెతుకుతారు. డాక్టరు నిజంగా జవాబు చెప్పగలిగేది వాటిలో కొంత భాగానికే.

ఆ కాగితం విలువెంతో డబ్బులో చూద్దాం. 40 ఏళ్ల హమాలీ నెలకు 12,000 రూపాయలు సంపాదిస్తున్నాడనుకుందాం. శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైతే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకెతో గుణించాలి. 60 శాతమంటే 7,200. 40 ఏళ్లకు అంకె 184.17. గుణిస్తే 13,26,024 రూపాయలు. ఇది నూటికి నూరు శాతం లెక్క. డాక్టరు 10 శాతమని రాస్తే వచ్చేది 1,32,602. 40 శాతమని రాస్తే 5,30,410. కలం ఒక్క శాతం అటూ ఇటూ జరిగితే 13,260 రూపాయలు, ఆ మనిషికి నెల జీతం కన్నా ఎక్కువ, అటో ఇటో అయిపోతాయి.

‘ప్రమాదం’ అంటే ఏమిటి?

ప్రమాదమనగానే కూలిన గోడ, తిరగబడ్డ లారీ కళ్లముందు మెదులుతాయి. నడుం అట్లా పోదు. రెండు రకాలుగా పోతుంది.

ఒకటి, ఒక రోజు ఒక క్షణంలో. బస్తా భుజానికెత్తి తిరగబోతుంటే నడుం కలుక్కుమంటుంది. కాలిదాకా జివ్వుమని గుంజుతుంది. అక్కడే కూలబడిపోతాడు. బయట దెబ్బ తగలకపోయినా ఇది చట్టం దృష్టిలో ప్రమాదమే. అనుకోకుండా జరిగిన కీడు శరీరం లోపల జరిగినా లెక్కలోకి వస్తుంది. 2012లో పరమ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారిలోనే నడిచింది. దూర ప్రయాణం మధ్యలో ఒంట్లో బాగాలేక లారీని రోడ్డు పక్కన ఆపి, కుప్పకూలి చనిపోయిన డ్రైవరు కుటుంబానికి నష్టపరిహారం రావాలంది. బయటి దెబ్బ ఏదీ లేకపోయినా ఆ పనిలోని ఒత్తిడి, శ్రమ లెక్కలోకి వచ్చాయి.

రెండోది, ఏళ్ల తరబడి అరిగిపోవడం. పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు మోసి మోసి ఒకనాటికి లేవలేకపోవడం. ఇందులో చూపించడానికి తేదీ లేదు, సాక్షి లేడు. ఇలాంటి నష్టాలను చట్టం ‘వృత్తి వ్యాధులు’ అనే వేరే పట్టికలో పెడుతుంది. సీసం, పాదరసం, సిలికా దుమ్ము, చెవుడు తెచ్చే చప్పుడు అందులో వున్నాయి. 1923 చట్టం మూడో షెడ్యూలులో బరువులు మోయడంవల్ల వచ్చే నడుం జబ్బు లేదు.

ఉండకూడదని రూలేమీ లేదు. ఏళ్ల తరబడి బరువులు ఎత్తడం, మోయడంవల్ల నడుం డిస్కులకు వచ్చే జబ్బును జర్మనీ 1993లోనే తన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. ఎన్నేళ్లు, ఎంత బరువు, రోజుకు ఎన్నిసార్లు అనే లెక్కలు అక్కడ అడుగుతారు. గెలవడం తేలిక కాదు. కానీ అడిగే హక్కు వుంది. 1997లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, బరువులెత్తడానికీ, ఒళ్లంతా కుదిపేసే వాహనాలు నడపడానికీ నడుం జబ్బుతో గట్టి సంబంధం వుందని తేల్చింది. అదే సంస్థ బరువుల లెక్కలో, అన్నీ అనుకూలంగా వున్నప్పుడు కూడా 23 కిలోలను గీతగా పెట్టుకుంది. మన సిమెంటు బస్తా 50 కిలోలు. గోదావరి జిల్లాల ధాన్యం బస్తా 75 కిలోలు. శాస్త్రం తెలియక మన పట్టికలో నడుం లేకుండా పోయిందని మేం అనుకోవడం లేదు.

కాబట్టి ప్రస్తుతం మన దగ్గర నడుం నొప్పి క్లెయిము నిలబడాలంటే అరిగిపోయిన కథలోంచి ఆ ‘ఒక్క రోజు’ను బయటికి తీసి చూపించాలి. చాలామందికి అట్లాంటి రోజు వుంటుంది కూడా. కాగితం మీదే వుండదు.

డాక్టరు ఏం చూస్తాడు?

సరైన పరీక్షలో మొదటి పని ప్రమాదకరమైన జబ్బులను పక్కకు తీయడం. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు ఎక్కువయ్యే నొప్పి వుంటే వెన్నెముక క్షయ గురించి ఆలోచించాలి. మన దేశంలో ఇది అరుదేమీ కాదు. గుదం చుట్టూ, తొడల లోపలి వైపు తిమ్మిరెక్కి, మూత్రం ఆగిపోతే నడుం కింది నరాల కట్ట నలిగిపోతోందని అర్థం. అప్పుడు క్లెయిము సంగతి తర్వాత, ఆ రోజే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. కార్యకర్తలు ఈ రెండు లక్షణాలూ గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత, నరం నొక్కుకుపోయిందా అని చూస్తారు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తుతారు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలు దాటి కిందికి జివ్వుమని నొప్పి పాకితే నరం మూలం దగ్గర ఇబ్బంది వుందని అనుమానం. బాగున్న కాలు ఎత్తినా నొప్పి వున్న కాలు గుంజితే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. కాలి బొటనవేలును పైకెత్తే బలం తగ్గితే ఎల్5 నరం. మడమ వెనక సుత్తితో కొడితే పాదం కదలకపోతే, మునివేళ్ల మీద లేవలేకపోతే ఎస్1 నరం. మోకాలి రిఫ్లెక్స్ పోతే ఎల్4. ఇవి రోగి చెప్పినా చెప్పకపోయినా పట్టిచ్చే గుర్తులు. ఇవి దొరికి, స్కానింగులో అదే చోట డిస్కు జారి కనపడితే క్లెయిముకు గట్టి ఆధారం వున్నట్టే.

చిక్కేమిటంటే ఇట్లా దొరికేది కొద్దిమందికే. నడుం నొప్పితో డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి 85 నుంచి 90 మందిలో ఫలానా ఎముక, ఫలానా డిస్కు, ఫలానా నరం అని వేలెత్తి చూపించలేమని వైద్యశాస్త్రమే ఒప్పుకుంటుంది. కండరం, స్నాయువు, చిన్న కీళ్లు, డిస్కు పైపొర, ఏదైనా కావచ్చు. ‘నిర్దిష్ట కారణం లేని నడుం నొప్పి’ అని పేరు పెట్టారు. ఈ పేరుతోనే మోసం జరుగుతుంది. “కారణం చూపించలేం” అని డాక్టరు అన్న మాట లాయరు నోట్లో “కారణం లేదు” అవుతుంది. యజమాని నోట్లో “నొప్పే లేదు” అవుతుంది. మూడూ వేరువేరు మాటలు.

ఎమ్మారై రెండు వైపులా కోసే కత్తి

డిస్కు జారి నరాన్ని నొక్కుతుందని 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ రాసినప్పటినుంచీ నడుం నొప్పి అంటే డిస్కే అన్న నమ్మకం పెరిగింది. ఎమ్మారై వచ్చాక ఆ నమ్మకానికి ఫోటో దొరికింది. దాంతో ఎమ్మారైలో వుంటే క్లెయిము వుంది, లేకపోతే లేదు అన్నట్టు తయారైంది.

1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. నొప్పి లేనివాళ్లకే! అందులో 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి వుంది. 27 శాతం మందికి ముందుకు పొడుచుకొచ్చి వుంది. అన్ని డిస్కులూ మామూలుగా వున్నవాళ్లు 36 శాతమే. 2015లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూస్తే, నొప్పి లేని 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి, 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనపడింది.

దీనికి రెండు అర్థాలున్నాయి. రెండూ నిజాయితీగా చెప్పుకోవాలి. ఎమ్మారైలో డిస్కు ఉబ్బు కనపడినంత మాత్రాన ఆ రోజు ఎత్తిన బస్తా వల్లే వచ్చిందని రుజువు కాదు. అవతలి లాయరు ఈ అంకెలే తీసుకుని మన మీదికి వస్తాడు. అట్లాగే, ఎమ్మారై మామూలుగా వున్నంత మాత్రాన నొప్పి అబద్ధమని రుజువు కాదు. బొమ్మకూ బాధకూ సూటి లంకె లేదనేది శాస్త్రం. ఆ శాస్త్రాన్ని సగం వరకే వాడుకోవడం అన్యాయం.

కాబట్టి క్లెయిమును ఎమ్మారై ఒక్కదాని మీదే నిలబెట్టకూడదు. పని ఏమిటి, ఆ రోజు ఏం జరిగింది, అంతకుముందు మనిషి ఎట్లా పనిచేసేవాడు, నొప్పి ఎట్లా నడిచింది, పరీక్షలో ఏం దొరికింది, స్కానింగ్ ఏం చెప్పింది, ఇవన్నీ ఒకదానికొకటి కలుస్తున్నాయా అని చూడడమే సరైన మదింపు.

‘నాటకం’ అనే రోగనిర్ధారణ

1980లో గోర్డన్ వాడెల్ అనే స్కాట్లండ్ ఎముకల డాక్టరు, తోటివారితో కలిసి అయిదు గుర్తులు చెప్పాడు. చర్మాన్ని మెల్లగా తాకితేనే నడుం నొప్పనడం. నెత్తి మీద కొద్దిగా నొక్కితే నడుంలో నొప్పనడం. పడుకోబెట్టి కాలెత్తితే నొప్పని, కూర్చోబెట్టి మాటల్లో పెట్టి అదే కాలు చాపిస్తే ఏమీ అనకపోవడం. నరాల దారికి సరిపడని తిమ్మిరి, బలహీనత. అతిగా మూలగడం, ముఖం చిట్లించడం. ఇందులో మూడో, అంతకంటే ఎక్కువో కనపడితే శరీరంతోపాటు మనసు బాధ కూడా కలిసి వుందని, ఆపరేషనుకు ముందు ఆలోచించాలని అతని ఉద్దేశం.

ఇవి అబద్ధాన్ని పట్టే పరీక్షలు కావని వాడెల్ మొదటినుంచీ చెప్తూనే వున్నాడు. 1998లో మెయిన్‌తో కలిసి మళ్లీ రాసి, ఇన్సూరెన్సు తగాదాల్లో వీటిని దొంగల్ని పట్టడానికి వాడటం తప్పని హెచ్చరించాడు. అయినా ‘వాడెల్ పాజిటివ్’ అనే రెండు మాటలు ఇంకా రిపోర్టుల్లో దొంగ అనే అర్థంతోనే తిరుగుతున్నాయి.

ఆ గుర్తులు బ్రిటన్, ఉత్తర అమెరికా రోగుల్ని చూసి తయారైనవి. నొప్పిని చెప్పే తీరు సమాజాన్ని బట్టి వుంటుంది. “అమ్మో, అయ్యో, సచ్చిపోతున్న సారూ” అనడం మన వాడల్లో అతి కాదు, మామూలు మాట. జ్వరమొచ్చినా, కాన్పు నొప్పులొచ్చినా అట్లాగే అంటారు. దానికి తోడు, పెద్ద డాక్టరు ముందు తన మాట నమ్మరన్న భయం వున్న మనిషి కొంచెం గట్టిగానే చెప్తాడు. నమ్మకపోవడమే అతన్ని గట్టిగా మూలిగేట్టు చేస్తుంది. ఆ మూలుగే నమ్మకపోవడానికి సాక్ష్యమవుతుంది. పళ్లబిగువున మూలక్కుండా కూర్చున్నవాడు తప్పించుకుంటాడా అంటే అదీ లేదు. “బాగానే వున్నాడుగా” అని రాస్తారు.

అబద్ధమాడేవాళ్లు ఒక్కరూ వుండరని మేం అనడం లేదు. ప్రతి వర్గంలోనూ వుంటారు. కానీ అబద్ధం రుజువు కావలసిన విషయం. ఉద్దేశాన్ని కనిపెట్టే పరికరం ఏ ఆసుపత్రిలోనూ లేదు. క్లెయిము నడిచే కాలంలో మనిషి నొప్పి పెరగడానికి ఇంకో కారణం కూడా వుంది. పని లేదు, అప్పు పెరుగుతోంది, కేసు సాగుతోంది, ఇంట్లో పడుకుని వుండటంతో కండరాలు బలహీనపడుతున్నాయి. ఇవన్నీ నొప్పిని పెంచేవే. కేసు తేలేదాకా మంచం దిగొద్దని సలహా ఇచ్చే పెద్దమనుషులు మేలు చేయడం లేదు. నడుం నొప్పికి ఎక్కువ రోజుల పడక మంచిది కాదని, వీలైనంత కదులుతూ వుండాలని ఇవాళ్టి వైద్యం చెప్తోంది. కదిలినందుకు క్లెయిము పోదు.

‘ముందునుంచే వుంది’

ఇన్సూరెన్సు కంపెనీల ఇష్టమైన వాదన ఇది. వయసు అరుగుదల అంటారు. ఆడవాళ్లనైతే కాన్పులకు ముడిపెడతారు, లేదా కుటుంబ నియంత్రణ ఆపరేషనులో వెన్నుకిచ్చిన ఇంజెక్షనుకు. నల్లగొండ వైపు మనిషైతే ఫ్లోరైడ్ అంటారు. ఫ్లోరోసిస్ వెన్నును బిగదీసేస్తుందన్నది నిజమే. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో షార్ట్ బృందం దాన్ని నమోదు చేసింది. అయితే, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లో మనిషి బరువు మోస్తే అతని నడుంకు దెబ్బ తగలదా? బిగుసుకున్న వెన్నుకు ఇంకా తొందరగా తగులుతుంది.

చట్టం అడిగే ప్రశ్న “అంతకుముందు శరీరం నూటికి నూరుపాళ్లు బాగుందా?” అని కాదు. పని ఆ నష్టాన్ని తెచ్చిందా, లేక వున్నదాన్ని రేపిందా, తొందరపెట్టిందా అనేదే ప్రశ్న. ముందురోజు దాకా రోజుకు వంద బస్తాలు మోసినవాడు ఆ రోజు తర్వాత ఒక్కటీ మోయలేకపోతే, లోపల అరుగుదల ఎన్నేళ్లుగా వున్నా, పని చేయనిచ్చిన అరుగుదల వేరు, పని ఆపేసిన గాయం వేరు. డాక్టరును అడగాల్సింది “అరుగుదల వుందా?” అని కాదు. “ఈ పని, ఈ సంఘటన దాన్ని పెంచడానికి వీలుందా?” అని. సర్టిఫికెట్లలో ఈ రెండో ప్రశ్నకు జవాబు కనపడటం అరుదు. ఎవరూ అడగరు కాబట్టి.

శాతం: శరీరానిదా, సంపాదనదా?

ఇక్కడ మూడు మాటల్ని విడదీసి చూడాలి. శరీరంలో ఏర్పడ్డ లోపం ఒకటి: నడుం ఎంత వంగుతుంది, కాలిలో బలం ఎంత తగ్గింది. ఆ లోపంతో చేయలేని పనులు రెండోది: వంగడం, ఎత్తడం, గంటసేపు నిలబడటం. మూడోది సంపాదించే శక్తిలో పోయిన భాగం. మొదటిది డాక్టరు రాజ్యం. మూడోది అతనొక్కడిదే కాదు. మనిషి ఏ పని చేస్తున్నాడు, చదువేమిటి, వయసెంత, ఇంకే పని దొరుకుతుంది అనే ప్రశ్నలు అందులో వున్నాయి.

పట్టికలో లేని గాయాలకు సంపాదనశక్తి నష్టాన్ని అర్హుడైన డాక్టరు మదింపు చేయాలని, అట్లా చేసేటప్పుడు మొదటి షెడ్యూలు శాతాలను దృష్టిలో పెట్టుకోవాలని 1923 చట్టం చెప్పింది. ఆచరణలో డాక్టర్లు ఎముకల మాన్యువల్ తెరిచి శరీరలోపం శాతం చూసి, దాన్నే సంపాదన శాతంగా దించేస్తారు. గొడవంతా ఈ దించడంలోనే వుంది.

1975 డిసెంబరులో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేటగా చూపించింది. ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేశారు. పట్టిక ప్రకారం అది పాక్షిక నష్టమే. కానీ వడ్రం ఒంటిచేత్తో నడవదు కాబట్టి నష్టం నూరు శాతమన్న కమిషనరు తీర్పును కోర్టు నిలబెట్టింది. 2010లో రాజ్‌కుమార్ కేసులో, అది రోడ్డు ప్రమాదం కేసే అయినా, ఇదే సూత్రాన్ని విడమరిచింది: శరీరలోపం శాతాన్ని యాంత్రికంగా సంపాదన నష్టంగా తీసుకోకూడదు, డాక్టరు లోపం చెప్పాలి, దానివల్ల సంపాదనలో నష్టం ఎంతో తేల్చాల్సింది ట్రిబ్యునలు.

నడుంకు దీన్ని అన్వయించి చూడండి. పది కిలోలకు మించి ఎత్తలేని స్థితి వచ్చిందనుకుందాం. మాన్యువల్‌లో అది చిన్న అంకే కావచ్చు. గుమాస్తాకు అది దాదాపు సున్నా నష్టం. హమాలీకి అది నూరు శాతానికి దగ్గర.

ఇంకో గందరగోళం కూడా వుంది. సదరం క్యాంపులో 40 శాతం రాకపోతే నష్టపరిహారం రాదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 40 శాతం గీత 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకు పెట్టింది. నష్టపరిహార చట్టానికి అట్లాంటి గీత లేదు. 5 శాతమైనా శాశ్వత నష్టమైతే క్లెయిము వుంటుంది.

కులం ఎక్కడ జొరబడుతుంది?

సర్టిఫికెట్‌లో కులం గడి వుండదు. అయినా కులం ప్రతి గడిలోనూ వుంటుంది.

మొదట, ఎవరి నడుం ఏ బరువు కింద వుందో కులమే తేల్చింది. కులం పనినే కాదు, పనిచేసేవాళ్లను కూడా విభజించిందని అంబేద్కర్ చెప్పిన మాటకు నడుం కంటే మంచి ఉదాహరణ లేదు. తర్వాత, “తేలిక పని చేసుకోవచ్చు” అని డాక్టరు రాస్తాడు. ఏ తేలిక పని? చదువు దక్కని మాదిగ హమాలీకి, మాల తట్టమోత కూలీకి ఊళ్లో దొరికే తేలిక పని ఏమిటి? టీ కొట్టు పెడితే ఎవరు తాగుతారు? కిరాణా కొట్టులో కాటా దగ్గర ఎవరు కూర్చోనిస్తారు? పై కులం మనిషికి నడుం పోతే వేరే పనికి దారి వుంటుంది. వీళ్లకు చాలాసార్లు వుండదు. మరి సంపాదనశక్తి నష్టం లెక్కలో ఇది రావద్దా? చదువు, వేరే పని దొరికే అవకాశం చూడాలని సూత్రం ఒప్పుకున్నాక, కులం మూసేసిన దారుల్ని చూడనంటే ఎట్లా?

మూడోది కాగితం. పర్మినెంటు ఉద్యోగికి హాజరు పట్టీ, ప్రమాదాల రిజిస్టరు, ఇఎస్ఐ నంబరు వుంటాయి. కాంట్రాక్టు కార్మికుడికి మేస్త్రీ జేబులో చిట్టా పుస్తకమే వుంటుంది. 2000 సవరణ తర్వాత ‘క్యాజువల్’ అనే సాకుతో తప్పించడానికి వీల్లేదు. గోదాములో, మార్కెట్లో సరుకు మోసేవాళ్లు చట్టంలో వున్నారు. కాంట్రాక్టరు పారిపోతే అసలు యజమాని కట్టాలి. చేతులతో చేసే వ్యవసాయ కూలీ దగ్గర మాత్రం పెద్ద గండి వుంది. కేంద్ర చట్టం పట్టిక ట్రాక్టరు, కరెంటు, యంత్రాలతో చేసే వ్యవసాయాన్నే పేరుపెట్టి చెప్పింది. రోజంతా నడుం వంచి నాటేసే ఆడవాళ్ల పని ఆ మాటల్లోకి రాలేదు.

నాలుగోది పరీక్ష గది. “చెయ్యి వేసి చూడలేదు సారూ, బల్ల ఇవతలే నిలబెట్టి రాసిచ్చిండు” అన్న మాట మేం చాలాసార్లు విన్నాం. రిఫ్లెక్సులు చూడకుండా, కాలెత్తి చూడకుండా రాసిన శాతం మదింపు కాదు.

చేయవలసిన పనులు

1. మొదటి ఓపీ చీటీయే ప్రాణం. “నడుం నొప్పి” అని మాత్రమే రాస్తే రెండేళ్ల తర్వాత అది ఎవరికీ పనికిరాదు. “ఫలానా తేదీన, ఫలానా చోట, బస్తా ఎత్తుతుండగా మొదలైంది” అని రాయమని డాక్టరును అడగాలి. ఆ రోజే అడగాలి.

2. యజమానికి నోటీసు వెంటనే, రాతలో ఇవ్వాలి. క్లెయిముకు రెండేళ్ల గడువు వుందని మర్చిపోకూడదు.

3. యజమాని తన ఖర్చుతో డాక్టరుకు చూపిస్తానంటే ఊరికే తిరస్కరించకూడదు. అట్లా చేస్తే హక్కు ఆగిపోతుంది. వెళ్లాలి, కానీ పరీక్షలో ఏమేం చూశారో బయటికి రాగానే రాసిపెట్టుకోవాలి.

4. పని వివరం ఒక పేజీలో తయారుచేయాలి. బస్తా బరువు, రోజుకు ఎన్ని, ఎంత దూరం, ఎన్ని మెట్లు, ఎన్నేళ్లుగా. దాన్ని డాక్టరు ముందు పెట్టాలి. హమాలీ పని ఏమిటో చాలామంది డాక్టర్లకు తెలియదు.

5. డాక్టరును సాక్షిగా పిలిచినప్పుడు మూడు ప్రశ్నలు అడిగించాలి: పని దీన్ని పెంచడానికి వీలుందా? ఏయే పనులు ఇక చేయలేడు? ఈ శాతం శరీరానిదా, సంపాదనదా?

6. ఇఎస్ఐ కిందికి వచ్చేవాళ్లకు దారి వేరు. అక్కడ మెడికల్ బోర్డు శాతం తేలుస్తుంది, దాని మీద అప్పీలు వుంది. పని వేళల్లో జరిగిన ప్రమాదాన్ని, వేరే రుజువు లేకపోతే, పని మూలంగా జరిగినట్టే భావించాలని ఇఎస్ఐ చట్టం కార్మికుడి పక్షాన ఒక సూత్రం పెట్టింది. దాన్ని అడిగి వాడుకోవాలి.

ఇవి ఒక్కొక్క మనిషికి ఉపయోగపడేవి. అందరికీ కావలసినవి వేరే వున్నాయి. బరువులు మోసేవాళ్ల నడుం జబ్బు వృత్తి వ్యాధుల పట్టికలోకి రావాలి. మహారాష్ట్రలో 1969 మాథాడీ చట్టం చేసినట్టు, హమాలీలను నమోదు చేసే బోర్డులు వుండాలి, అప్పుడు యజమాని ఎవరనే తగాదా తగ్గుతుంది. చేతి పని చేసే వ్యవసాయ కూలీలు పట్టికలో వుండాలి. బస్తా బరువు తగ్గాలి. అన్నిటికంటే చవకైన వైద్యం అదే.

ఇఎస్ఐకి పునాది వేసిన అదార్కర్ నివేదిక 1944లో వచ్చినప్పుడు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నది అంబేద్కర్. పనిలో పోయిన శరీరానికి జవాబుదారీ వుండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. వేలికి శాతం కట్టిన చట్టం నడుంకూ కట్టగలదు. ఆ శాతాన్ని మోసినవాడి బతుకును చూసి కట్టాలన్నదే మా వాదన.